నున్నటి అల

నల్లార్బర్. చెట్టన్నది లేని చదును నేల.
మెర్ల్ కారవాన్ మంచం కింద దూరి
బొటనవేలంత లావు రాగితీగ బిగిస్తోంది.
"మూరెడు చాలు. బారెడైతే
దారిలోనే తాగేస్తుంది తీగ"
అంటుంది, ఫ్యూజు పళ్ళమధ్య కరిచిపట్టి.

చౌకది చాలన్నాడు డెస్మండ్, కిందటేడు.
మెట్లుమెట్లుగా వచ్చే కరెంటది.
కెటిల్ కిక్కురుమనకుండా కాగింది,
అతని ముక్కుకు తగిలించే ఊపిరి మిషనే
రాత్రి రెండింటికి గుర్రుమని మొరాయించింది.
తెల్లారేదాకా ఆమె
అతని ఛాతీ మీద చెయ్యి తియ్యలేదు.

ఈసారిది నున్నటి అల.
పడవ మోటారు అమ్మి కొన్నది.
స్విచ్చి నొక్కింది. ఆకుపచ్చ చుక్క.
డెస్మండ్ కెటిల్ ప్లగ్గు పెట్టబోతే
చేతిమీద ఒక్కటేసింది:
"టీ గ్యాసు మీద కాచుకో. ఇది ఊపిరికి."

రెండు దాటింది.
మిషను మెత్తగా నడుస్తోంది.
మెర్ల్‌కే ఇంకా
నిద్ర పట్టలేదు.