ఎనిమిది గ్రాములు

కడియపులంకలో తెల్లారకముందే
పనిలోకి దిగేది ఇద్దరమే.
అంటుకత్తితో నేను,
అంజూరపాకు కింద కుట్టుపిట్ట.

అది ఆకు రెండంచులూ దగ్గరికి లాక్కుని
మా గోనెసంచి పోగులతో కుట్టేస్తుంది.
నేను కొమ్మకి కొమ్మ ఆనించి
ప్లాస్టిక్ టేపు బిగిస్తాను.
కూలి నాకొస్తుంది, పాట దానికొస్తుంది.
బొటనవేలంత ఒంట్లోంచి
కాలవ అవతలి రేవుదాకా వినపడే గొంతు!

పదింటి పువ్వుకి ఇవేం పట్టవు.
పసిపిల్ల వేళ్ళలాంటి ఆకుల్లో
నీళ్ళు దాచుకుని పడుకునుంటుంది.
ఎండ నెత్తికెక్కి పిట్ట నోరు మూశాక
అప్పుడు తెరుస్తుంది గులాబీరంగు కన్ను,
రెండో షిఫ్టుకి వచ్చిన మనిషిలా.

మొన్న మధ్యాహ్నం
పిట్ట షేడ్‌నెట్‌కి గుద్దుకుని
సరిగ్గా ఆ పూల ట్రేలో పడింది.
కళ్ళు మూసింది. గుండె మాత్రం
కుట్టుమిషన్ సూదిలా కొట్టుకుంటోంది.
నూకరత్నం నవ్వుతూ
ఎరువు తూచే కాటా మీద పెట్టింది.
ఎనిమిది గ్రాములు.
పిట్ట కింద నలిగి తెగిన రెమ్మనీ పెట్టింది.
అదీ ఎనిమిదే.
"సరిపోయాయే రెండూ" అంది.

నాకు సరిపోలేదు.
రెమ్మ విరిగితే తడిమట్టిలో గుచ్చి మర్చిపోతాను,
వారంలో అదే తలెత్తుతుంది.
ఏడుపుండదు, మందుండదు,
విరగడమే దానికి పిల్లల్ని కనడం.
రెక్క విరిగితే
ఏ లంకమట్టిలో గుచ్చను?

అరచేతిలో పెట్టుకుని కూచున్నాను.
మేస్త్రీ అరుస్తున్నాడు,
పూణే లారీకి ఇంకా నాలుగొందల మొక్కలెక్కాలి.
లెక్క తప్పాను. మళ్ళీ మొదలెట్టాను.
నూట ఇరవయ్యో, నూట ముప్పయ్యో అంటుండగా
చెయ్యి తేలికైపోయింది.
ఎటు పోయిందో చూడనేలేదు,
చూపుడువేలి మీద చిన్న రెట్ట మిగిలింది.

నలిగిన ట్రే లారీ ఎక్కలేదు.
"పారెయ్" అన్నాడు మేస్త్రీ. అలాగే అన్నాను.

ఈ పొద్దున అంజూరపాకు దగ్గర పాట
ఉందో లేదో తెలీదు,
లారీ ఇంజను మోతలో ఏదీ వినపడలేదు.
సాయంత్రం ఆ రెమ్మ కొంగున ముడేసుకుని
కాలవగట్టు మీద నడిచొచ్చాను.
పగిలిన టీకప్పులో గుచ్చి
చెయ్యి కడుక్కోబోతూ ఆగాను.

రేపు పదింటికి నేను ఇంట్లో ఉండను.
అది ఎవరికోసం విచ్చుకుంటుందో మరి.