రెండో బెర్తు

మస్తాన్‌వలి చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించినాడు:
ఈడ స్టవ్వు, ఈడ నీళ్ల డ్రమ్ము,
ఎడమ పక్క మీకో బెర్తు,
కుడి పక్క సార్‌కో బెర్తు.
గుత్తి రోడ్డులో ఆ వెల్డింగు షాపు ముందర
వేలంలో కొన్న స్కూలు వ్యాను
సీట్లన్నీ పీకించుకోని
పండ్లూడిన ముసిల్దాని మాదిరి నిలబడి ఉండె.

"మిషను యాడ పెట్టాల?" అన్యాడు ఈయన.
"నా రాళ్లో?" అన్యా నేను.
మస్తాన్‌వలి చాక్‌పీసు చెవి మీద పెట్టుకోని
మా ఇద్దరి మొగాలూ చూసి
టీ తాగను పోయినాడు.

ముప్పై ఆరేండ్లు గుంతకల్లు నుంచి రైలు నడిపిన మనిషి,
స్టీరింగంటే ఎరగడు.
పట్టా ఎటు వంగితే అటే వంగినాడు.
రిటైరైనాక కుట్టుమిషను నేర్చుకున్యాడు.
ఆడా అంతే.
సూది నిటారుగా పోతాది పోతాది,
మెడ వంపు కాడికొస్తే
ఎర్ర సిగ్నలు పడినట్టు నిలబడిపోతాది.
నా రవికలు రెండు అట్ల పాడైనాయి.
మూడోది నేనియ్యలా.
అందుకే బొంతలు కుడతాడు,
బొంతకు మెడ లేదు గదా.

నాది ఇంకో పిచ్చి.
ఇరవై తొమ్మిదేండ్లు బోర్డు మీద గీసి
ఇది నాపరాయి, ఇది పలుగురాయి, ఇది ముగ్గురాయి
అని చెప్పినదాన్ని.
ఒక్కటన్నా తెచ్చి పిల్లోళ్ల చేతిలో పెట్టిన పాపాన పోలేదు.
ఇప్పుడు గుడ్ల అట్టల్లో పేరుస్తాండా:
బేతంచెర్లది, మంగంపేటది,
బెలుం దోవలో టైరు పంచరైన కాడిది.

కుడి పక్క బెర్తు కొట్టేసినాం.
ఆ జాగాలో కింద మిషను, పైన నా అట్టలు.

బండి నడిపేది నేను.
"నీ పేరులోనే ఉండాది గదా తిప్పమ్మా, నువ్వే తిప్పు"
అని పక్కన కూర్చుంటాడు.
కూర్చుని సిగ్నల్లు చెప్తాడు, పాత అలవాటు,
గొంతెత్తి:
"ముందర మేకలు, జాగ్రత్త!"
"గతుకు!"
"లైన్ క్లియర్!"

తాడిపత్రి దోవలో టీకొట్టాయప్ప
"యాడికి పోతాండారమ్మా?" అన్యాడు.
"యాడికికే" అన్యా.
ఎగతాళి అనుకోని చక్కెర తక్కువేసినాడు.

తొలకరి పడినాక
వజ్రకరూరు చేన్లల్లో జనమంతా వంగి నడుస్తాంటే
నేనూ వంగినా.
"దొరికిందా అవ్వా?" అన్యాడు ఒక పిల్లోడు.
గుప్పిట తెరిచి చూపిస్తి,
కాకిరంగు గులకరాయి.
పాపం అనుకున్యాడేమో
తన బిస్కెట్టు సగం ఇరిచిచ్చినాడు.

రాగులపాడు గేటు పడింది ఒకసారి.
గూడ్సు వస్తాంటే
ఈయన దిగి, కుడతాండిన పచ్చగుడ్డ ముక్క
పైకెత్తి పట్టుకున్యాడు.
ఇంజన్లో ఉండే చిన్నోడు హారన్ కొట్టినాడు.
యాభై ఎనిమిది వ్యాగన్లు.
మళ్లా ఎక్కినాక శానాసేపు
గతుకులొచ్చినా చెప్పలేదు.

రాత్రిళ్లు మూడడుగుల పలక మీద ఇద్దరం.
రేణిగుంట, రాయచూరు, సోలాపూరు,
ఈయన నిద్రంతా రన్నింగు రూముల్లోనే అయిపాయె.
ఇంట్లో మంచమంతా నాదే ఉండె.
ఈ మనిషి నిద్రలో పండ్లు కొరుకుతాడని
నాకీ యేడే తెలిసింది.
ఒకరు పక్కకు తిరిగితే
ఇంకొకరూ తిరగాల్సిందే.
బొంత సాలదు.
"రేపు ఇంకో వరస అతుకుతాలే" అంటాడు.
రోజూ అంటాడు.

మొన్న బ్రేకులు చూపించను పోతే
మస్తాన్‌వలి లోపలికి తొంగి చూసి అన్యాడు,
"మడత బెర్తు వేస్తానమ్మా,
పగలు గోడకు, రాత్రి కిందికి,
జాగా సరిగ్గా సరిపోతాది."
ఈయన నా పక్క చూసినాడు.
నేను రాళ్ల పక్క చూసినా.
"వద్దులే నాయనా,
ఇప్పటికే బరువు ఎక్కువైంది" అన్యా.