మూడు చోట్ల కొలత

బొమ్మనహళ్లి కొట్లో, రెండో అంతస్తులో
బ్లైండ్లు కోసే మిషను నాది.
ఎదుట ఎస్తేరు, రాత్రి డ్యూటీ నర్సు.
కళ్లకింద ఇంకా ఆరని వార్డు లైట్లు.
ఇంట్లో టేపు లేదట. సెలైను ట్యూబు తెచ్చింది,
కిటికీ వెడల్పు దగ్గర ముడేసి.

"సాగుతుందమ్మా ఇది" అన్నాను.
"నేను లాగలేదు" అంది.

పైన, నడుమ, కింద కొలవాలి.
అన్నిట్లోకీ తక్కువది తీసుకోవాలి.
అద్దెకొంపల గోడలు
మేస్త్రీ ఒట్టేసినా నిటారుగా ఉండవు.

మర్నాడు మళ్లీ వచ్చింది,
అరచేతిలో పెన్నుతో రాసుకుని:
ఎనభై ఏడు, ఎనభై ఆరున్నర, ఎనభై ఆరు.

"కోశాక వాపసు లేదు."
"నాకు పగలు నిద్ర పడితే చాలన్నా."

ఒక సెంటీమీటరు తగ్గించి బ్లేడు దించాను.
మెట్రో పట్టాల మీది ఎండ
ఎక్కడో తెగినట్టు చిన్న చప్పుడు.
మూడు వేళ్ల ముక్క
రాలి, దొర్లి, విప్పుకుంది.

రోజూ అలాంటివి బుట్టెడు ఊడ్చి పారేస్తాను.
దాన్ని మాత్రం ఆమె వంగి తీసుకుంది.
"తలుపు సందులోంచి కూడా వస్తుందిగా"
అంటూ చుట్టి, సంచిలో
టిఫిను డబ్బా పక్కన దోపుకుంది.

నా గదికి కిటికీ లేదు.
ఆ రాత్రి, ఎందుకో,
గోడని కొలిచాను.
మూడు చోట్ల.