మెడ కొలత

ఎనిమిది ముసుగులు కుట్టినాను,
చిత్తూరు గిరింపేట సందులో,
రెండు రాత్రులు మిషను తొక్కి.
బ్లౌజు లైనింగు మీద రెగ్జిను అతికించి
కాజాలు తీసినంత ఓపికగా కళ్ళు తీసినాను.
దొరస్వామి చీటీ మీద పేర్లు రాసిచ్చినాడు:
పిడుగు, నల్లత్రాచు, శేషాచలం చిరుత, నెత్తుటికన్ను...
పేరుకొక రంగు.
మెడ కొలతలు మాత్రం అయిదే.
"మిగతావాళ్ళు దారిలో ఉండారక్కా" అన్నాడు.
కొలత లేని మూడింటికి మా తమ్ముడి మెడ పెట్టుకున్నా.

సీజను అయిపోయిన మామిడికాయల మండీ షెడ్డు.
గడ్డిలో ఇంకా తోతాపురి కుళ్ళు వాసన.
రింగంటే నాలుగు ఇనప గుంజలు,
టమోటా లారీల మోకులు,
కింద పరుపుల మీద షామియానా అంగడి పేరు, తలకిందులుగా.
ఏడింటికన్నారు.
ఎనిమిదిన్నరకు మైకు దగ్గింది.

ఎదురింటి పిల్లోడు చెంగల్రాయుడు నా పక్కన.
ఎనిమిది పేర్లూ ఎక్కం మాదిరి అప్పజెప్పేవాడు.
బెల్లు మోగేదాకా కుర్చీ మీద నిలబడే ఉన్నాడు.

పిడుగు పడినాడు.
తగలకముందే పడినాడు.
చిరుత తాడెక్కి, కిందికి చూసి,
ఏమనుకున్నాడో, నిచ్చెన దిగినట్టు దిగొచ్చినాడు.
మూడో ఆటలో ఒకడు రానేలేదు.
రానోడు ఓడిపోయినట్టు చదివినారు.
జనం నవ్వినారు. నవ్వితే నవ్వనీ,
కొట్టుకునేవాళ్ళు కూడా నవ్వినారు చూడు,
అప్పుడు నాకు కడుపులో ఏదో అయింది.

నాలుగో ఆటకు ఎర్ర ముసుగు, నెత్తుటికన్ను.
ముందుకు వంగి చూసినా.
ఎడమ చెవి కింద కుట్టు నోరు తెరిచి ఉండాది.
పదిహేడున్నర మెడ
పదిహేను గుడ్డలో.
ఇందాక ఏడ్చి, కుంటుకుంటా పోయినోడే
రంగు మార్చుకోని కుంటకుండా వచ్చినాడు.
"కొత్తోడా అక్కా?"
"కొత్తోడే" అన్నా.
కాసేపు చూసి, మెల్లగా కూర్చున్నాడు పిల్లోడు.
"బూట్లు అవే."

ఇది నిజం కాదని ఎవరికి తెలీదు?
గంగజాతరలో వేషం కట్టింది పక్కింటోడే.
పొద్దున మా కుళాయి కాడ పళ్ళు తోముకున్నోడే.
అయినా వీధిలోకి వస్తే దారిస్తాం,
ఎందుకంటే వాడు ఆ పూటకు పక్కింటోడు కాడు.
అబద్ధం చూడ్డానికే నూటయాభై ఇచ్చినాం.
అది కూడా సరిగ్గా చెప్పకపోతే ఎట్ల?

పదింటికి షెడ్డు ఖాళీ చెయ్యాలంట.
ఫైనలు మూడు నిమిషాలు.
నల్లత్రాచు నడుముకు కట్టిన బెల్టు
బంగారు కాగితం ఊడి గాలికి పోతే
గెలిచినోడే వంగి ఏరుకున్నాడు.
బెల్టు నేను కుట్టలేదు.
నాకు చెప్పుంటే ఊడేది కాదు.

తెల్లారి అంగడికి ఒకడొచ్చినాడు,
బంగారుపాళ్యం పిల్లోడు, యుగంధరు.
చెవి వాచి వంకాయయింది. చేతిలో ఎర్ర ముసుగు.
"పాకాలలో ఆట ఉంది. వదులు చెయ్యక్కా, ఊపిరాడ్లా."
దొరస్వామి ఇవ్వాల్సిన బాకీ అంతా వీణ్ణే అడిగేద్దామనుకున్నా.
"కొంచెం తగిలించుకోని పడకూడదా?" అన్నా.
"తగిలించుకుంటే రెండో ముసుగుకు ఒళ్ళెక్కడిది?"
"కూలి ఇద్దరిదా?"
"ఒకరిదే."

కుట్టు విప్పినా. టేపు మెడకేసినా.
పద్దెనిమిది. వాపు కలుపుకోని.
వాపు పోయినాక కూడా అంతే ఉండనీ అని
పద్దెనిమిదే రాసుకున్నా.

గడప కాడ చెంగల్రాయుడు
వాడి బూట్లకేసి చూస్తా నిలబడినాడు.
"పిడుగూ" అని పిలిచినాడు, గొంతు తగ్గించి.
కొంచెం ఆగి,
"నెత్తుటికన్నూ."
వాడు రెండు సార్లూ తిరిగినాడు.