అయిదుకు ఒకటిన్నర

ఆదోని బస్టాండు పక్క సందులో
ఖాజన్న బండి కాడ
పొద్దున ఏడింటికి ఉగ్గాని కోసం నిలబడినా.
బొరుగులు నానేసి, పిడిచి, పోపులో దొర్లించి
పైన పుట్నాలపొడి చల్లి
రెండు మిరపకాయ బజ్జీలతో
కాగితంలో పెట్టిచ్చినాడు.
చట్నీ మాత్రం పల్చటి కవర్లో, దారంతో మూతి కట్టి.

సగం తిన్నాక బొరుగుల కింద
ఎర్రసిరా కనపడింది.
నా చేతిరాత.
నా సున్నాలు, నా అడ్డగీతలు నాకు తెలుసు.

పోయిన ఏప్రిల్లో బీరువా ఖాళీ చేయమంటే
ఎనిమిదో తరగతి జవాబు పత్రాలన్నీ
కిలో పద్నాలుగు లెక్కన
మౌలాలి గుజిరీకి తూకమేసినాం.
ముప్పై ఒక్క కిలోలు.
ఆ డబ్బుతో స్టాఫ్ రూముకు గోడ గడియారం కొన్నాం,
అది పది నిమిషాలు వెనక నడుస్తాంది.

ప్రశ్న నాకింకా గుర్తుంది.
“మీ ఇంట్లోని వ్యర్థాలను ఏ విధంగా నిర్వహిస్తారు?” అయిదు మార్కులు.
తగ్గించడం, తిరిగి వాడడం, పునఃచక్రీయం:
మూడు మాటలుంటే మూడు, బొమ్మకు రెండు.

పేరు నూనెలో మునిగింది. ‘ఉరు’ వరకే మిగిలింది.
చాలు. మూడో బెంచీ ఉరుకుందమ్మ.
పత్తి తీసే నెలల్లో బడికి రాని పిల్ల.

బజ్జీ పక్కకు జరిపి చదివినా.

“సార్, మా ఇంట్లో వేస్టు అని మా అవ్వ
ఒక్క మా నాయన్నే అంటాది.
మిగతావన్నీ పనికొస్తాయి.
గంజి, కూరగాయల తొక్కు ఎనుముకు.
ఎనుము మా చిన్నాయనోళ్ళది, అయినా చెంబు మజ్జిగ పోస్తారు.
పొయ్యిలో బూడిద బోకులు తోమను.
అవ్వ చీర చినిగితే తమ్మునికి ఉయ్యాల,
ఉయ్యాల చినిగితే బొంత,
బొంత చినిగితే కుండ దించే మసిగుడ్డ.
అదీ అయిపోతే పీలికలు పేని
ఎనుముకు తలుగు చేస్తాది.
దువ్వినప్పుడు రాలిన ఎంట్రుకలు గోడ సందులో పెడ్తాం,
ఎంట్రుకలామె వచ్చి స్టీలు గలాసు ఇచ్చిపోయింది.
మొన్న బువ్వప్పుడు మీకు నీళ్ళిచ్చింది ఆ గలాసుతోనే.

కవర్లు ఏం చేయాల్నో మాత్రం అవ్వకు తెలీదు.
కడిగి, ఆరేసి, మడిచి, ఈతచాప కింద పెడ్తాది.
ఎందుకవ్వా అంటే
ఎవురో ఒకరు అడుగుతారులే అంటాది.”

ఆ ఆఖరి నాలుగు వరుసల మీద
అడ్డంగా గీత కొట్టి ఉన్నా.
పక్కన “అడిగిన దానికి జవాబు రాయాలి” అని రాసినా.
కింద ఒకటిన్నర.
ఆ అర, గుండ్రటి చేతిరాతకు.

ఖాజన్నా, పెన్నుందా?
చెవి మీంచి తీసి ఇచ్చినాడు.
ఒకటిన్నర కొట్టేసి అయిదు వేద్దామని
ఒత్తి ఒత్తి గీసినా.
నూనె కాగితం మీద పెన్ను పారలేదు.
సొట్ట పడింది గానీ అంకె పడలేదు.

పడినా చూసుకునేకి ఆ పిల్ల యాడుంది?
మిరప కోతలకు గుంటూరు పక్కకు పోయినారంట
ఇంటిల్లిపాదీ, అవ్వతో సహా.
హాజరు పట్టీలో ఆ పేరు ఎదురుగా
నేనే రోజూ చుక్క పెడుతున్నా.

బండి కిందనుంచి మేక వచ్చి
కాగితం కొస పట్టి లాగింది.
నా గీతలు, ఆ ఎనుము, చెంబు మజ్జిగ, స్టీలు గలాసు
అన్నీ కలిపి నెమ్మదిగా నమిలింది.
అడ్డం పడాల్సింది. పడలేదు.
చట్నీ కవరు వాసన చూసి
వదిలేసి పోయింది.

“ఆ డబ్బాలో వేయండి సార్.”
డబ్బా నిండా అవే. అంచు దాటి కింద కూడా అవే,
గాలికి ఒకదాన్నొకటి పట్టుకోని.

కొళాయి కింద కవరు కడిగినా.
లోపలి వైపు బయటికి తిప్పి మళ్ళీ కడిగినా.
విదిలించి, నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకున్నా.

“అదెందుకు సార్?” అన్నాడు ఖాజన్న.

బడికి టైమయింది అని చెప్పినా.