గడియ

హాజరు పట్టీలో ఎర్ర సిరా నాదే.
వాసుపల్లి నూకరత్నం, ఎనిమిది బి, రోల్ నంబరు ముప్పై ఒకటి.
జూలైలో నాలుగు ఆబ్సెంట్లు, ఆగస్టులో నాలుగు,
సెప్టెంబరులో ఐదు.
పక్కన పెన్సిలుతో "అశ్రద్ధ" అని రాశాను.
ఆ మాటా నాదే.

పోటూ పాటూ చూసి పడవ దించే ఇంటి పిల్ల.
తన లెక్క తనకు తెలుసు.
నాకే తెలీలేదు,
లెక్కల టీచర్ని,
పదహారేళ్ల సర్వీసుదాన్ని.
ఇరవై ఎనిమిది రోజులకోసారి తిరిగొచ్చే సంఖ్య
కళ్లముందే ఉన్నా
శ్రేఢి అని పోల్చుకోలేకపోయాను.

మా బడి వన్ టౌన్‌లో, ఫిషింగ్ హార్బరుకి ఈవలి వీధి.
కిటికీ రెక్క మీద వేలితో గీస్తే ఎర్రటి పొడి,
ఇనపరాతి ధూళి.
రైళ్లకొద్దీ వచ్చి, బెల్టుల మీద పాకి,
ఓడల కడుపుల్లో పడుతుంది ఇనుము.
పోయే దారిలో
మా పిల్లల తెల్ల చున్నీల మీద కాస్త వాలుతుంది.
వేలు గుచ్చి చూసిన ఏఎన్ఎం శాంతకుమారి
కాగితం మీద రాసుకుంది:
ఎనిమిదిన్నర, తొమ్మిది, ఏడు, మళ్లీ ఏడు.
ఊరి నిండా ఇనుమే,
పిల్లల నెత్తుట్లో తప్ప.

గురువారం నీలం మాత్రలు.
నాలిక కింద దాచి గోడవతల ఉమ్మేస్తారు.
"కడుపులో తిప్పుతాది మేడమ్,
పొద్దున్న ఏటీ తిన్నేదు కదా" అంది కొర్లమ్మ.
నోరు తెరిచి చూపించమన్నాను.
అంతకు మించి ఏమీ అడగలేదు.

అక్టోబరులో కమిటీ మీటింగు.
ప్రహరీకి రంగులు, గేటు మీద బోర్డు,
వచ్చే అతిథికి శాలువా.
"పిల్లలెవరైనా మాట్లాడతారా?" అన్నారు హెడ్మాస్టరు,
ఎవరూ మాట్లాడరన్న ధీమాతో.
నూకరత్నం లేచింది.
రేవులో వాళ్లమ్మ వేలంపాట పాడే గొంతు ఉంది చూశారూ,
అదే గొంతు, ఇంకా ఉప్పుగాలికి ఎండనిది.

"మా బాత్రూమ్ తలుపుకి గడియ నేదు సార్.
ఒకర్తి లోపలికెల్తే ఒకర్తి బయట కాలు అడ్డెట్టి నిలబడాల.
ఆ నాలుగు రోజులూ ఎవుర్ని నిలబెడతాం, ఎన్నిసార్లు?
అందుకే రాట్లేదు. జొరం కాదు.
గడియ ఎట్టించండి. నీలు రప్పించండి.
సాలువా తరవాత కొనొచ్చు."

ఫ్యాను చప్పుడు వినబడింది.
"ఇలాటివి మేడమ్‌తో చెప్పుకోవాలమ్మా" అన్నాడొక పెద్దాయన.
"మేడమ్ ఎప్పుడూ అడగనేదు సార్."

అరచెయ్యంత ఇనప గడియ.
పూర్ణా మార్కెట్లో ఎనభై రూపాయలు, మేకులతో కలిపి.
మూడేళ్లు పట్టింది ఆ ఎనభై రూపాయలకి.
బిగించింది కొర్లమ్మ,
వాళ్ల నాన్న పడవలకి కొట్టే సుత్తి అడిగి తెచ్చి.
ఒక్కొక్కరూ లోపలికెళ్లి వేసి చూసుకున్నారు,
టక్, టక్, టక్.
కొందరికి లోపల్నుంచి మూసుకోగలిగిన మొదటి తలుపు అదే.
ఆ గురువారం ఉడకేసిన శనగలు పట్టుకెళ్లాను.
ముందు అవి, తరవాత మాత్ర.

ఇక్కడితో ఆపేయొచ్చు.
కానీ గడియ అన్న మాటకి ఇంకో అర్థం ఉంది.

పదో తరగతి కుసుమలతకి పదిహేనేళ్లు.
మార్గశిరం, కనకమహాలక్ష్మి గుడికి జనం వరసలు కట్టే నెల.
తెల్లవారుజాము నాలుగూ పన్నెండు, మంచి గడియ
అన్నాడట పంతులు.
ఎవరికి మంచిదని ఎవరూ అడగలేదట.
నూకరత్నమే వచ్చి చెప్పింది, చెవిలో.

ఈసారి మీటింగు కోసం ఆగలేదు.
పది తొంభై ఎనిమిదికి ఫోన్ చేశాను.
వాళ్లింటికి వెళ్లాను.
కూర్చోమనలేదు.
"నీకేటి పని మేడమ్ ఇక్కడ?" అన్నాడు చిన్నాన్న.
"హాజరు" అన్నాను.

ఇవాళ సోమవారం, రెండో పీరియడు.
రోల్ నంబరు తొమ్మిది.
పిలిచాను. మళ్లీ పిలిచాను.
ఎర్ర పెన్నుకి మూత పెట్టి
ఆ గడి ఖాళీగా వదిలేశాను.
పిల్లలంతా తలుపు కేసి చూస్తున్నారు,
బార్లా తెరిచి ఉంది.
అవతల బెల్టు మీద
ఇనుము పోతూనే ఉంది.