పన్ను బకాయి

మిర్చి యార్డులో గుమాస్తాని.
ముప్పై ఏళ్ళుగా సెస్సు లెక్క పైసా తప్పలేదు.
నోట్లో పన్ను మాత్రం ఎగ్గొట్టాను.

మొన్న మాఘంలో, తేజ రకం లారీలు బారులు కట్టిన వారం,
రాత్రి రెండింటికి లేచింది కింది దవడలో.
లవంగం నొక్కాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను.
రోట్లో రోకలి దిగినట్టు ఒకటే పోటు.
పంటి బిగువున ఓర్చుకోమంటారు పెద్దలు.
బిగించడానికి ఆ పన్నే కదా ఉండాలి!

అరండల్‌పేటలో మేడ మీద
డాక్టర్ షహీనా. మా చిన్నదాని ఈడు.
"తాతగారూ" అనలేదు, అదే పదివేలు.
అద్దంలో చూపించింది,
నల్లటి చుక్క, ఆవగింజంత.
"ఇది తలుపు మాత్రమే. గది లోపలుంది" అని
ప్లాస్టర్ పన్నును రెండు చెక్కలుగా విప్పింది.

నేను పన్నంటే రాయి అనుకున్నాను.
కాదట.
పైన పింగాణీ, కింద మెత్తని గోడ,
ఆ లోపల నెత్తురూ నరమూ,
దీపం పెట్టిన ఇల్లు.

నాకు తెలిసిన సరుకులోకి మార్చుకున్నాను.
తాలుకాయ ఒక్కరోజులో తాలవదు.
కాస్త తేమ, కాస్త ఉపేక్ష.
పైకి ఎర్రగానే ఉంటుంది, చిదిమితే బూజు.
టిక్కీ అడుగున దాస్తే పక్క కాయకీ అంటుతుంది.
ముప్పై రెండు రావాల్సిన చోట
పాతిక మిగిలాయి నాకు.
జ్ఞానదంతాలు నాలుగూ అసలు లోడే దిగలేదు
(ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు).

చిన్నప్పుడు పాలపన్నును పేడముద్దలో పెట్టి
పెంకుల మీదికి విసిరి, కొత్తదొస్తుందని నిద్రపోయాం.
ఇప్పుడు విసిరినా పైనుంచి ఎవరూ పంపరు.

"రాత్రి తోముతారా?"
పొద్దున తోముతానమ్మా, బస్తా దుమ్ము దులిపినట్టు.
"రాత్రి కూడా. రెండు నిమిషాలు. మెత్తగా.
నెత్తురొచ్చిందని బెదిరి మానకండి,
తోమకపోబట్టే చిగురు అలా అయింది.
పన్నులో పురుగంటూ వేరే ఉండదు,
నోట్లో తెల్లార్లూ ఉంచుకున్న తీపే ఆ పురుగు."

రెండు నిమిషాలంటే ఎంత?
కాటా మీద టిక్కీ ఎక్కి, అంకె నిలిచి,
నేను చీటీ రాసి, ఏనోషు దాన్ని వీపుకెత్తుకునేంత.
అంతే.
ముప్పై ఏళ్ళలో అంత తీరిక దొరకలేదన్నమాట నాకు.

నెల రోజులైంది.
కుళాయి దగ్గర నురగతో లెక్కపెడుతుంటే
మా నాంచారి గుమ్మంలో నిలబడి నవ్వింది,
కొంగు అడ్డం పెట్టుకుని, ఎప్పట్లాగే.
ఆ కొంగుని సిగ్గనుకున్నాను ఇన్నాళ్ళూ.
"ఏదీ, తియ్యి" అన్నాను.

ఎడమవైపు మూడు ఖాళీలు.
ఆరేళ్ళుగా కుడివైపే నములుతోందట.
జంతికలు వండిన రోజున
"నాకొద్దులే, మీరు తినండి" అనడం
అందుకే.
ఊరందరి తూకాలూ రాసిన చేతికి
ఈ ఖాతా కనపడలేదు.

రేపు ఆదివారం కాదు, అయినా సెలవు పెట్టాను.
స్టీలు గ్లాసులో రెండో బ్రష్షు,
ఇంకా అట్ట విప్పనిది.
"ఆ పిల్ల నొప్పెట్టకుండా చూస్తుందా?" అంటోంది
లైటార్పాక, చీకట్లో,
కొంగు అడ్డం లేకుండా.